సిగ్నల్ దగ్గర వణుకు

హలో… ఆ, నేనే మామయ్యా. నా గ్యారేజీకి ఫోన్ చేసి "నువ్వేనా" అంటావేం? నేను కాక ఇక్కడ జాకీ మాట్లాడుతుందా?

…ఆ, వచ్చింది. నీ మహారాణి పొద్దున్నే వేంచేసింది. నీ బావమరిది నడుపుకొచ్చి, తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళారు.

…కడిగి, తుడిచి, తళతళలాడించి ఇచ్చెయ్యాలా? కడిగించడం అయిపోయిందిలే. సరే. ఎవరికి?… ఆయనకే?

అంటే నిజంగానే ఇచ్చేస్తున్నావా! ఆయన చెప్తే నేను నమ్మలేదు. నువ్వు, నీ కారు, ఇంకొకళ్ళకి ఇవ్వడమా? సొంత అక్క కూతుర్ని, పైగా మెకానిక్కుని, నన్నే దాని బానెట్ ముట్టుకోనివ్వలేదు నువ్వు. "లారీలు విప్పే చేతులతో నా బండిని తాకకు" అన్నావు. గుర్తుందా?

…నవ్వకు. —నవ్వట్లేదా? మరి ఆ చప్పుడేంటి?… దగ్గా. సరే.

ఎందుకిస్తున్నావో చెప్పు ముందు.

…వయసైపోయిందా? ఎవరికి, నీకా దానికా?

…పెట్రోలు ఎక్కువ తాగుతోందా? అది పుట్టినప్పటినుంచీ తాగుబోతే. ఇన్నాళ్ళూ ముద్దుగా పోయించావుగా.

…పెట్టుకోడానికి చోటు లేదా? మరి నిన్నటిదాకా ఎక్కడ పడుకుందట?

మామయ్యా, అబద్ధమైనా కొలతలు తీసుకుని కుట్టాలి. అంత పేరున్న టైలరువి, ఇదేం కుట్టు? భుజాల దగ్గర పట్టేస్తోంది.

…ఉండు ఉండు. వెనకాల కుక్కర్ కూస్తోందేంటి? షాపులో లేవా?… ఈ వేళప్పుడు ఇంట్లో ఏం పని?

…మూసేశావా? షాపు మూసేశావా! నాకొక్క మాట చెప్పకుండా? అత్తయ్యా చెప్పలేదే… చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నావా. బాగుంది. ఇద్దరూ ఇద్దరే.

ఇదిగో, స్పానర్ కింద పడేశాను. టైరు మీద కూర్చున్నాను. నువ్వు చెప్పేదాకా లేవను. చెప్పు.

…

…చేతులా?

…ఏమయ్యాయి?

…

…రెండూనా?

…అయ్యో మామయ్యా.

…లేదు, ఏడవట్లేదు. గ్రీజు వాసనకి ముక్కు కారుతోంది, అంతే. నువ్వు చెప్పు. డాక్టరు ఏమన్నాడు?… వెళ్ళలేదా?… ఆయన దానికో పేరు పెట్టేస్తే ఇక అది నిజమైపోతుందనా. ఊఁ. తెలుసులే. నేనైనా అంతే చేసేదాన్ని.

మరి కత్తెర?… అసలు పట్టుకోలేదా? ఆ భయం పట్టిన రోజు నుంచీ?… ఎవరిదో ఖరీదైన గుడ్డ, చెయ్యి జారితే ఏం మొహం పెట్టుకోవాలీ అని. అవును. నిజమే. …టీ కూడా స్ట్రాతో తాగుతున్నావా!… వేడి టీని స్ట్రాతోనా? నాలిక ఉందా, ఊడిందా?

…చొక్కా గుండీలు?… అత్తయ్య పెడుతోందా.

…ఊళ్ళో అందరి చొక్కాలకీ గుండీలు కుట్టినవాడివి నువ్వు.

ఏడవకు మామయ్యా. నువ్వేడిస్తే నాకు ఒంట్లో నట్లన్నీ లూజైపోతాయి. ఒక్క మాట చెప్పు చాలు. ఆ వణుకు మొట్టమొదట ఎక్కడ కనిపించింది నీకు?

…కారులో. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు. ఊఁ. స్టీరింగ్ మీద చేతులు. ఊఁ.

తర్వాత?… మళ్ళీ సిగ్నల్ దగ్గరే. ఆ తర్వాత?… రైలు గేటు దగ్గర ఆగినప్పుడు.

బండి వేగంగా పోతున్నప్పుడో?… అప్పుడుండదా. "రోడ్డు ధ్యాసలో పడి తెలియదేమో" అంటావా. ఊఁ… ఊఁ…

…ఏం లేదు, ఊఁ కొడుతున్నానంతే. కథ బాగుంది.

మరి ఇంట్లో, కుర్చీలో కూర్చున్నప్పుడు వణికాయా?… చూసుకోలేదా!… చూసుకోవాలంటే భయమేసి జేబుల్లో పెట్టుకుంటున్నావా? పొద్దస్తమానం?

సరే, ఇది చెప్పు. సిగ్నల్ దగ్గర ముందు చూసింది నువ్వేనా?… "బావా, నీ చేతులు వణుకుతున్నాయేంటి" అని… ఎవరన్నారు?… పక్క సీట్లో కూర్చుని… ఎవరూ?

ఓహో.

ఓహోహో. "ఇలాంటి చేతులతో బండి నడిపితే ఎవరి ప్రాణమో తీస్తావు" అని కూడా ఆయనే అన్నారా!

…లేదు లేదు, నవ్వట్లేదు. —సరే, నవ్వుతున్నా. తిట్టు, పడతాను. కానీ ముందు విను. పొద్దున నీ బావమరిది తాళాలిచ్చి వెళ్తూ వెళ్తూ వెనక్కొచ్చి నా చెవిలో ఒక మాట వేశారు. "అమ్మాయ్, ఇంజన్ మౌంటింగులు పోయాయి. ఇప్పుడే ముట్టుకోకు. బండి నా పేరుకి మారాక మార్చుదువుగాని. బావకి మాత్రం చెప్పకు, పాపం బాధపడతాడు" అన్నారు. నీ మీద ప్రేమ కాబోలనుకుని నోరు మూసుకున్నాను.

…అంటేనా? చెప్తా. ఇంజన్ అనేది ఏ కారులోనైనా ఊగిపోయే జంతువే మామయ్యా. కుదురుండదు. దాన్ని రబ్బరు దిమ్మెల మీద కూర్చోబెడతారు. అవే మౌంటింగులు. నీ బండిలాంటి ఖరీదైన వాటికి ఆ రబ్బరు లోపల నూనె కూడా నింపుతారు. ఊగుడంతా అదే మింగేస్తుంది. అందుకే నీకు ఇంజన్ నడుస్తోందో లేదో తెలిసేది కాదు. బండి ముసలిదైతే రబ్బరు పగులుతుంది, నూనె కారిపోతుంది. ఇక ఆ ఊగుడు ఎక్కడికి పోవాలి? సీటుకి పోతుంది, స్టీరింగ్‌కి పోతుంది, ఆ స్టీరింగ్ పట్టుకున్న మా పిచ్చి మామయ్య చేతులకి పోతుంది. నీది క్లచ్ లేని ఆటోమేటిక్ బండాయె, గేరులో ఉంచి బ్రేకు తొక్కి ఆగావంటే మరీను. అంటే ఎక్కడ?… సిగ్నల్ దగ్గర.

…

మామయ్యా? ఉన్నావా లైన్లో?

…"నా బండి అలా చెయ్యదు" అంటావా!

ఇదెక్కడి గోల! నీ చేతులు చచ్చుబడ్డాయని నమ్మావు, షాపు మూశావు, స్ట్రా కొనుక్కున్నావు… ఇంతా చేసి, బండికేమైనా అయిందేమోనని ఒక్కసారి, ఒక్కసారి కూడా అనుకోలేదా? కాకిపిల్ల కాకికి ముద్దే, ఒప్పుకుంటా. కానీ ఆ పిల్ల కోసం తనకే రోగం తగిలించుకున్న కాకిని నిన్నే చూస్తున్నా.

సరే. నీ గుండీ పరీక్షే పెడదాం. ఇదిగో, బండి దగ్గరికొచ్చాను. డాష్‌బోర్డు అరలో… ఉంది. నల్లది, మందంది, కోటు గుండీ… ఆ, అదే. ఇంటికెవరొచ్చినా బయటికి లాక్కొచ్చి, బానెట్ మీద ఈ గుండీ నిలువుగా నిలబెట్టి, ఇంజన్ స్టార్ట్ చేసి, "పడిందేమో చూడండి" అనేవాడివి. వాళ్ళ అన్నం చల్లారిపోయేది గానీ గుండీ పడేది కాదు. …స్టార్ట్ చేశాను. విను. నిలబెడుతున్నా…

పడింది.

మళ్ళీ పెడుతున్నా… పడింది.

…ఏంటీ? నా చెయ్యి వణికిందేమోనా? మామయ్యా! బండి పరువు కోసం నాక్కూడా రోగం అంటగడతావా?

ఇంజన్ ఆపి బానెట్ ఎత్తాను. టార్చి వేశాను. ఎడమ దిమ్మె కుంగిపోయింది. ఇంజన్ అలిగినదానిలా ఓ పక్కకి ఒరిగి కూర్చుంది. కిందంతా నూనె కారి, దుమ్ము పట్టి, నల్లగా గడ్డకట్టింది. ఫోటో తీసి పంపుతా, అద్దాలు పెట్టుకుని చూడు.

…అయినా నమ్మవు. బండి సంగతి వదిలెయ్ అయితే. నీ చేతుల సంగతి తేల్చుకుందాం. గ్లాసు నిండా నీళ్ళు పట్టు. అంచుదాకా. ఫోను అత్తయ్యకిచ్చి, వంటింట్లోంచి వరండాదాకా నడిచి రా.

…ఏం కాదు. నేనున్నాగా.

…అత్తయ్యా? నేను తర్వాత తిడతాను నిన్ను. ముందు నోరెత్తకుండా చూస్తూ ఉండు. …పట్టుకున్నాడా?… నడుస్తున్నాడా?…

…

…ఒలికాయా?

…చాలానా?… సగం గ్లాసా?

…

అత్తయ్యా, ఏడుపు ఆపు. ఫోను మామయ్యకివ్వు.

…మామయ్యా. "చూశావా" అనకు. అంత నెమ్మదిగా అసలే అనకు. నిజం చెప్తున్నా, ఇప్పుడు నాక్కూడా భయమేసింది. …ఎలా నడిచావో చెప్పు. …చెప్పు, సిగ్గెందుకు?

…కళ్ళు మూసుకునా!

…చేతుల్ని చూడలేక కళ్ళు మూసుకున్నావా! ఓరి దేవుడా! నిండు గ్లాసు పట్టుకుని కళ్ళు మూసుకు నడిస్తే నేనైనా గుమ్మాన్ని గుద్దుకుంటా… గుద్దుకున్నావా! దెబ్బ తగిలిందా?… గుమ్మానికి కాదు, నీకు!

గ్లాసు వద్దు. సూది తీసుకో. నీ సన్న సూదే. నల్లదారం. కళ్ళజోడు పెట్టుకో. కళ్ళు తెరిచి ఉంచు, అర్థమైందా? ఫోను బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కు. నేను నోరు మూసుకుంటున్నా.

…

…

…

మామయ్యా? ఏమైంది?

…మాట్లాడు మామయ్యా, నా ప్రాణం తియ్యకు.

…ఎక్కిందా?

…ఒక్కసారికే?

…అత్తయ్యా, నువ్వు చెప్పు, నిజంగానా?… నిజంగానా!

…రెండో సూది ఎవరు తెమ్మన్నారు?… అదీ ఎక్కిందా. …మూడోదా? చాల్లే! అత్తయ్యా, ఆ సూదుల డబ్బా లాక్కో, లేకపోతే రాత్రికి అన్నం ఉండదు మీకు.

…

…ఇప్పుడేడువు మామయ్యా. కరువుతీరా ఏడువు. నేనూ ఏడుస్తున్నా. ఈసారి గ్రీజు కాదు.

…

…ఏమన్నావు?… "వాడికీ తెలిసుండదులే పాపం, ఈ పొద్దునే గమనించుంటాడు" అంటావా? ఇంకా వెనకేసుకొస్తున్నావా ఆయన్ని! మనసా, వెన్నముద్దా నీది?

…నేనేం నింద వెయ్యట్లేదు. తేల్చుకుందామంటున్నా. కాగితాల మీద సంతకం పెట్టేశావా?… ఇంకా లేదా?… చెయ్యి వణికి సంతకం పాడవుతుందని ఆగావా! నీ భయం చేసిన మంచిపని అదొక్కటే.

…ష్. ఇదిగో, గేటు దగ్గర కొత్త చొక్కా, సెంటు వాసన… వచ్చేశారు. బండి కోసమే. మామయ్యా, ఫోను పెట్టెయ్యకు. నా పై జేబులో వేసుకుంటున్నా. నోట్లో తువ్వాలు కుక్కుకుని విను. దగ్గావంటే చూడు!

—రండి రండి బాబాయ్ గారూ! మీ కోసమే చూస్తున్నా. …అయిపోయింది, కడిగించేశాను. మెరిసిపోతోంది కదూ? మీలాగే.

…అయ్యో, పక్క సీట్లో ఎందుకండీ, ఇటు డ్రైవర్ సీట్లోకి రండి. ఇక మీదేగా! కూర్చుంటే ఎలా ఉందో నన్నొక్కసారి చూడనివ్వండి. …అబ్బ. కొలిచి కుట్టినట్టున్నారు. సీటు కవర్లు మామయ్యే కుట్టాడు, తెలుసుగా? ప్రతి కుట్టూ చేత్తోనే.

స్టార్ట్ చెయ్యండి. …గేరు డ్రైవ్‌లో పెట్టి బ్రేకు గట్టిగా తొక్కి పట్టండి. చిన్న పరీక్ష. …చక్రాలకి అడ్డు పెట్టానులెండి, ఎక్కడికీ పోదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద. అలాగే. అలాగే ఉంచండి…

బాబాయ్ గారూ.

…ఏం లేదండీ.

…ఏం లేదులెండి, నా భ్రమేమో. ఎన్నాళ్ళనుంచి ఇలా?

…చేతులండీ! చూసుకోండి. వణికిపోతున్నాయి!

…నవ్వుతారేంటి, ఇది నవ్వే విషయమా? మామయ్యకీ అచ్చం ఇలాగే మొదలైంది. ఆయనా ముందు నవ్వే ఉంటాడు. …అంటువ్యాధి అనను గానీ, మీరు రోజూ ఆయన పక్కనే కూర్చునేవారాయె. …అయ్యో, చెంపలకీ పాకింది! మీ బుగ్గలు చూసుకోండి అద్దంలో. …పొట్ట కూడానా! బాబాయ్ గారూ, పొట్ట మాత్రం చాలా ముదిరింది.

…కంగారు పడకండి. మీరే అన్నారటగా మామయ్యతో, "ఇలాంటి చేతులతో బండి నడిపితే ఎవరి ప్రాణమో తీస్తావు" అని? మంచి మాట. మీకూ వర్తిస్తుంది. ఇక స్టీరింగ్ ముట్టకండి. పాపం ఇంత మంచి బండి. ఎవరికైనా నమ్మకమైనవాళ్ళకి ఇచ్చెయ్యాలి. దూరంవాళ్ళెందుకు, నేనున్నాగా. తాళాలిలా ఇవ్వండి. పిన్నిగారికి నేను మెల్లగా చెప్తాను. ఇవాల్టి నుంచి మీ గుండీలు ఆవిడే పెట్టాలి.

…ఏంటీ? మీ చేతులు కాదా? మరి?

…రబ్బర్లా? ఏ రబ్బర్లండీ? …ఇంజన్ వల్లా! ఊరుకోండి, నమ్మమంటారా? మామయ్యకి రోగం, మీకు మాత్రం రబ్బర్లా?

…ఆయనకి కూడా రబ్బర్లేనా?

అలాగా. అయినా పొద్దున ఏదో చూసి, అనుమానపడి అంటున్నారు మీరు. ఖాయంగా ఏం తెలుసులెండి మీకు…

…ఖాయంగానే తెలుసా? పెట్రోలు పోయిస్తానని తీసుకెళ్ళి ఇంకో మెకానిక్కుకి చూపించారా? ఎప్పుడూ?… ఇంజన్ మోతలో వినపడట్లేదు, కాస్త గట్టిగా. …మామయ్య మొదటిసారి చేతులు చూసుకోకముందే! అంటే ఆ సిగ్నల్ దగ్గర "బావా, నీ చేతులు" అన్నప్పటికే మీకు…

…ఎందుకాగారు బాబాయ్ గారూ, చెప్పండి. బాగా చెప్తున్నారు.

…చప్పుడా? ఆ, నా జేబే. మామయ్య అందులో ఉన్నాడు. మొదట్నుంచీ ఉన్నాడు.

ఇంజన్ ఆపేశారేం? …మాట్లాడతారా? మీ బావగారే, పరాయివాళ్ళా… వద్దా?

—అయ్యో బాబాయ్ గారూ! ఇంజన్ ఆపినా వణుకుతున్నాయేంటండీ మీ చేతులు?

…తలుపు అటు కాదు, ఇటు. …మెల్లగా, జాకీ ఉంది కింద. …గొడుగు! గొడుగు మర్చిపోయారు!

…హలో. మామయ్యా. విన్నావా?

…మొత్తం. ఊఁ. …ఆ, వెళ్ళిపోయారు. దొంగకి తేలు కుట్టినట్టు, కిక్కురుమనకుండా. నడిచే వెళ్ళారు. నడక బాగానే ఉంది.

…

…బాధగా ఉందా. ఉంటుంది. ఇంట్లోవాడు కదా. అడిగితే నీ ప్రాణంలాంటి బండైనా తిరగడానికి ఇచ్చేవాడివి. ఇలా నీ చేతుల మీద నీకే నమ్మకం లేకుండా చేశాడు చూడు, దానికి నాక్కూడా ఒళ్ళు మండుతోంది.

…ఏం చెయ్యవా? ఏమీ అనవా? పండక్కి పిలిచి భోజనం పెడతావా ఏంటి?

…ఏంటీ? ఆయన కోటు గుడ్డ నీ దగ్గరుందా?… కొలతలు కూడా ఇచ్చి వెళ్ళారా! …చంకల దగ్గర కాస్త బిగిస్తావా. …ఎంత?… కూర్చుంటే బాగుంటుంది, స్టీరింగ్ పట్టుకుంటే వీపు కుట్టు పిగులుతుందా!

మామయ్యా, నీకు నయమైపోయింది. ఏ డాక్టరూ అక్కర్లేదు.

…ఆ, మౌంటింగులు మారుస్తా. పాత బండి కదా, వెతికి తెప్పించాలి. దొరుకుతాయి. …లేదు, అప్పటిదాకా కదిలించను. …నేనే మారుస్తా. లారీలు విప్పే ఈ చేతులతోనే. ఏమంటావు?

…

…ఏమన్నావు? మళ్ళీ అను.

…ఉహుఁ, సరిగ్గా వినపడలా. మళ్ళీ.

…ఊఁ. విన్నాలే. మొదటిసారే విన్నా. నా చేతుల్ని నువ్వు మెచ్చుకున్నావు కాబట్టి ఇంకోసారి కావాలనిపించింది.

వెళ్ళు, షాపు తియ్యి. పని అయ్యాక నేనే తెస్తా బండి. గుండీ నువ్వే నిలబెట్టాలి. …సరే. సరే. …అత్తయ్యకిస్తావా? ఇవ్వు.

…అత్తయ్యా. నిన్ను తిట్టాలనుకున్నా, మర్చిపోయా. …ఏడవకు, అయిపోయిందిగా. …ఏం చేస్తున్నాడు?… షాపు తాళాలు వెతుకుతున్నాడా? చొక్కా మార్చుకుని మరీనా! భేష్. ఇక ఆయన గుండీలు ఆయన్నే పెట్టుకోమను, నీకో పని తగ్గింది.

…ఏంటత్తయ్యా, అంత గొంతు తగ్గించావు?

…వద్దా?

…నువ్వే పెడతావా? ఇక రోజూనా? …మరి ఆయన ఒప్పుకోవద్దూ? చేతులు బాగున్నాయని ఇప్పుడే తెలిసిందిగా…

…చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నీ ముందు నిల్చున్నాడా!

…సరే సరే, నేనేం వినలేదు. పెట్టేస్తున్నా అత్తయ్యా. నీకు రెండు చేతులూ కావాలి.